బూడిదలోని లోహం

సర్ హంఫ్రీ డేవీ 1778 డిసెంబరు 17న ఇంగ్లండులోని పెంజాన్స్ పట్టణంలో జన్మించాడు. తండ్రి కొయ్యచెక్కడపు పనివాడు. 1794లో ఆయన మరణించగా కుటుంబం అప్పులపాలైంది. మరుసటి ఏడు డేవీ ఒక వైద్యుని వద్ద శిష్యుడుగా చేరాడు. మందులు నూరే ఆ కొలువులోనే అతనికి రసాయనశాస్త్రంపై మక్కువ కలిగింది. విశ్వవిద్యాలయం గడప తొక్కకుండానే, స్వయంకృషితో 1802 నాటికి లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆచార్యుడయ్యాడు.

ఆ రోజుల్లో ఐరోపాలో పొటాష్‌కు ఎంతో గిరాకీ ఉండేది. కట్టెల బూడిదను నీటిలో నానబెట్టి, తేరిన క్షారజలాన్ని ఇనుప కుండలలో ఇగిరేదాకా కాచేవారు. అడుగున మిగిలిన క్షారమే పొటాష్. కుండ, బూడిద అనే అర్థాలు గల రెండు మాటలు కలిసి ఆ పేరు ఏర్పడింది. సబ్బు, గాజు, తుపాకిమందుకు కావలసిన సురేకారం దానితో తయారయ్యేవి. దానికి సున్నం చేర్చితే తీవ్రమైన కాస్టిక్ పొటాష్ లభిస్తుంది. ఎవరూ విడగొట్టలేకపోయిన ఆ పదార్థంలో ఏముందో తెలుసుకోవాలని డేవీ సంకల్పించాడు.

అతడు ఎన్నుకొన్న సాధనం విద్యుత్తు. కాస్టిక్ పొటాష్‌ను నీటిలో కరిగించి విద్యుత్తును పంపగా నీరు మాత్రమే వాయువులుగా విడిపోయింది. పూర్తిగా ఎండిన ముక్కలోనుండి విద్యుత్తు ప్రవహించనే లేదు. రెండు విధాలా విఫలుడైనా డేవీ నిరాశ చెందలేదు. 1807 అక్టోబరులో, గాలిలోని తేమ కొద్దిగా సోకిన ముక్కపై మళ్ళీ ప్రయోగించాడు. ముక్క కరిగి, పాదరసాన్ని పోలిన చిన్న బిందువులు మెరిశాయి. కొన్ని భగ్గున మండిపోయాయి. నీటిపై తేలుతూ మండే ఆ కొత్త లోహానికి పొటాషియం అని పేరు పెట్టాడు. కొద్ది రోజులకే సోడియంను కూడా వేరుచేశాడు. వెంటనే తీవ్ర అస్వస్థతకు గురై ప్రాణాపాయస్థితికి చేరినా, కోలుకొని 1808లో కాల్షియం, మెగ్నీషియం వంటి లోహాలను వెలికి తెచ్చాడు.

1813లో మైకేల్ ఫారడేను సహాయకుడుగా చేర్చుకొన్నాడు. 1815లో బొగ్గుగని కార్మికుల ప్రాణరక్షణకై దీపాన్ని రూపొందించి, దానిపై పేటెంటు తీసుకోలేదు. 1829 మే 29న జెనీవాలో కన్నుమూశాడు.

1861లో జర్మనీలోని స్టాస్‌ఫుర్ట్ వద్ద గని లవణాలనుండి పొటాష్ తయారీ ఆరంభమయ్యాక బూడిద పరిశ్రమ క్రమంగా క్షీణించింది. నేడు పొటాష్ ప్రధానంగా పైరుకు ఎరువు. మన రైతు పొలంలో చల్లే పొటాష్‌లో ఉన్నది డేవీ కనుగొన్న ఆ మూలకమే. అల్పమని తోచే బూడిదను సైతం ప్రశ్నించిన జిజ్ఞాస, వైఫల్యానికి వెరవని పట్టుదల డేవీని చిరస్మరణీయుణ్ణి చేశాయి.