బుర్రకథకు ప్రాణము పోసిన నాజరు

ఒక తంబురా, రెండు గుమ్మెటలు తప్ప వేరొక పరికరము లేకుండ, ముగ్గురు మనుష్యులు వేలకొలది జనమును ఒక రాత్రి యెల్ల కదలనీయక కూర్చుండబెట్టుట తెలుగునాట ఒకప్పుడు సామాన్యమైన విషయము. 1960లో ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరమున ఏర్పడిన బీటిల్స్ అను గాయకుల బృందము యువజనమును ఉర్రూతలూగించిన సంగతి లోకమెల్ల ఎరిగినదే. అంతకు రెండు దశాబ్దములకు పూర్వమే ఆంధ్రదేశపు పల్లెలలో అట్టి సమ్మోహనమును సాధించిన దళమునకు నాయకుడు షేక్ నాజరు.

నాజరు 1920 ఫిబ్రవరి 5వ తేదీన గుంటూరు జిల్లా పొన్నెకల్లు గ్రామమున పేద ముస్లిము కుటుంబమున జన్మించెను. దూది యేకుట ఆ కులమువారి వృత్తి. పూట గడచుటయే కష్టమైన ఆ యింట సంగీతము నేర్చుకొనుట విలాసముగా తోచవలసినది. కాని ఆ బాలుని కంఠమున దైవదత్తమైన నాదముండెను. అతడు శాస్త్రీయ సంగీతము నభ్యసించెను, హార్మోనియము చేతబట్టెను, నాటకములలో వేషములు ధరించెను. ఇట్లు గానము, వాద్యము, అభినయము మూడును ఒక్కనియందు కుదిరినవి. బుర్రకథకు కావలసినవియు ఈ మూడే.

బుర్రకథ నాజరు సృష్టించినది కాదు. జంగము కథ, తందాన కథ అను పేర్లతో అది తరతరములుగా భిక్షాటనకు ఆధారమైన కళ. నడుమ నిలిచిన కథకుడు భుజముపై తంబురా మోపి, వ్రేళ్లకు అందెలు తొడిగి, అడుగులు వేయుచు కథ నడుపును. ఇరుప్రక్కల వంతదారులు గుమ్మెటలు వాయించుచు వంత పాడుదురు. వారిలో నొకడు హాస్యము పలికించును. రెండవవాడు లోకవార్తలను, రాజకీయమును కథలోనికి తెచ్చును. నాజరు ఈ చట్రమును మార్చలేదు. దానిలో శాస్త్రీయ రాగములను, నాటకపు అభినయమును నింపెను. ఒక్క మనిషి క్షణములో వీరుడై గర్జించి, మరుక్షణమున తల్లియై విలపించుటను చూచి జనము నివ్వెరపోయెను. రామకోటి, పురుషోత్తముల వంటి వంతదారులు ఆయనకు దీటుగా నిలిచిరి.

1943లో బెంగాలు కరవు లక్షలాది ప్రాణములను బలిగొనెను. ఆ యేడే బొంబాయిలో అఖిల భారత ప్రజానాట్య సంఘము ఏర్పడెను. ఆంధ్రమున దాని శాఖగా ప్రజానాట్యమండలి వెలసెను. నాజరు అందు చేరి బెంగాలు కరవును కథగా చెప్పెను. ఎన్నడు చూడని దూరదేశపు ఆకలికి తెలుగు పల్లె కన్నీరు కార్చెను. ఆకలి యనగానేమో గాయకుడెరుగును, వినువారును ఎరుగుదురు.

జనమును కదలించు కళను పాలకులు అనుమానించుట సహజము. 1940 దశకపు చివరి సంవత్సరములలో మద్రాసు ప్రభుత్వము ప్రజానాట్యమండలి ప్రదర్శనలపై ఆంక్షలు విధించెను. కళాకారులు చెల్లాచెదరైరి. కంఠమే జీవనాధారమైనవానికి పాడరాదనుట అన్నము మాన్పించుటయే. అయినను నాజరు తంబురాను విడువలేదు. కాల మెట్లు మారెనో గమనింపదగును. ఒక ప్రభుత్వము శంకించిన ఆ కళనే స్వతంత్ర భారత ప్రభుత్వము ఆకాశవాణి ద్వారమునను, 1954లో నెలకొల్పిన పాటలు, నాటకముల విభాగము ద్వారమునను ప్రజలకు సందేశ మందించుటకు వినియోగించుకొనెను.

ఆయన చెప్పిన కథలలో పల్నాటి యుద్ధము, బొబ్బిలి యుద్ధము, అల్లూరి సీతారామరాజు మిక్కిలి ప్రసిద్ధములు. పల్నాటి కథను ఆయన తానే రచించుకొనెను. సుంకర సత్యనారాయణ రచించిన అల్లూరి కథను 1954లో వెలువడిన అగ్గిరాముడు చిత్రమున నాజరు దళము వినిపించినది. అడవిపై ఆంక్షలు, వెట్టిచాకిరి భరింపలేక మన్యము 1922లో తిరుగబడిన కథ అది. ఆ మన్యమునకు ఆవల నున్న బస్తరులోను అట్టి కారణములచేతనే 1910లో గుండాధూర్ నాయకత్వమున భూమకాల్ తిరుగుబాటు చెలరేగెను. అడవుల వెంబడి సాగిన ఈ వేదన భాషల హద్దు నెరుగదు. నాజరు దానికి తెలుగులో గొంతు నిచ్చెను.

బ్రహ్మనాయుని చాపకూటిని ఒక ముస్లిము కీర్తించుట వింత యని నాటి శ్రోతలు తలపలేదు. కులభేదములు విడిచి అందరు ఒక్క చాపపై కూర్చుండి భుజించిన ఆ కథను చెప్పుటకు, పేదరికమును తక్కువచూపును అనుభవించిన దూదేకులవాని కంటె అర్హుడెవడు?

1986లో భారత ప్రభుత్వము ఆయనను పద్మశ్రీతో సత్కరించెను. ఆయన జీవితకథ పింజారి అను పేరుతో గ్రంథముగా వెలువడెను. తన కులవృత్తి పేరునే తన కథకు శిరోనామముగా నిలుపుట ఆయన ఆత్మగౌరవమునకు నిదర్శనము. 1997 ఫిబ్రవరి 22వ తేదీన ఆయన కన్ను మూసెను.

బుర్రకథా పితామహుడని ఆయనను తెలుగువారు పిలుచుకొందురు. బిరుదు గొప్పదే, కాని పితామహునికి మనుమలు కావలెను. ఈ విద్య పుస్తకమున దాగునది కాదు. గురువు ప్రక్కన గుమ్మెట పట్టి, ఏండ్ల తరబడి వంత పాడి నేర్చుకొనవలసినది. నడుమ నిలుచువాడు ఒక్కడే గాని, ప్రక్క నిలుచు ఇరువురు లేనిదే కథ నడువదు. రాష్ట్రము దాటి ఉద్యోగములు చేయు తెలుగు కుటుంబములు తమ పండుగ వేదికలపై ఒక్క రాత్రియైన బుర్రకథకు చోటిచ్చి, పిల్లల చేతికి గుమ్మెట నందించిన, నాజరు ఋణము కొంతయైన తీరును.