కూలీల లెక్కలు రాసిన డానిలో డోల్చీ

యూరప్ అనగానే మనకు పెద్ద ఫ్యాక్టరీలు, తళతళలాడే పట్నాలు గుర్తొస్తాయి. కాని రెండో ప్రపంచయుద్ధం ముగిశాక కూడా పసిపిల్లలు తిండిలేక చచ్చిపోయిన పల్లెలు ఆ యూరప్‌లోనే ఉండేవి. ఇటలీకి దక్షిణాన ఉన్న సిసిలీ దీవిలో అటువంటి పల్లెలు కోకొల్లలు. అక్కడి కూలీల పక్కన కూచుని, వాళ్ల బతుకు లెక్కను వాళ్ల నోటితోనే చెప్పించి, ఆ లెక్కతో సర్కారును నిలదీసిన మనిషి డానిలో డోల్చీ.

డోల్చీ 1924 జూన్ 28న సెజానా అనే ఊళ్లో పుట్టాడు. అది అప్పుడు ఇటలీలో ఉండేది, ఇప్పుడు స్లొవేనియాలో ఉంది. తండ్రి రైల్వే ఉద్యోగి. యుద్ధకాలంలో ఫాసిస్టు సైన్యంలో చేరనని ఎదురుతిరిగి అరెస్టయ్యాడు, తప్పించుకున్నాడు. మిలాన్‌లో భవన నిర్మాణ విద్య చదివాడు. ఇళ్ల ప్లాన్లు గీసుకుంటే హాయిగా బతికేవాడే. ఆ దారి వదిలేసి 1952లో పాలెర్మో నగరానికి పడమట, సముద్రపొడ్డున ఉన్న ట్రప్పెతో అనే బెస్తపల్లెకు చేరాడు. ఆ అక్టోబరులోనే ఊళ్లో ఒక పసిబిడ్డ ఆకలితో చనిపోయాడు. డోల్చీ ఆ బిడ్డ మంచం మీదే నిరాహారదీక్షకు దిగాడు. ఊరికి అత్యవసరమైన పనులు చేపడతామని అధికారులు మాట ఇచ్చాకే విరమించాడు.

అయితే సిసిలీలో పోరాటం డోల్చీతో మొదలుకాలేదు. బీడు భూములు దున్నుకుంటామని ఎర్రజెండాలు పట్టి కదిలిన రైతుకూలీలు అప్పటికే నెత్తురు ధారపోశారు. 1947 మేడే నాడు పోర్టెల్లా డెల్లా జినెస్ట్రాలో సభకు వచ్చిన జనం మీద జూలియానో బందిపోటు ముఠా తుపాకులు పేల్చి 11 మందిని పొట్టన పెట్టుకుంది. 1948లో కొర్లెయోనెలో కార్మిక నాయకుడు ప్లాచిడో రిజ్జొట్టోను మాఫియా చంపేసింది. భూస్వాముల ఎస్టేట్లు గుత్తకు పట్టి, తుపాకీ నీడన పల్లెల మీద పెత్తనం చెలాయించిన ముఠాలే ఈ మాఫియా.

అలాంటి గడ్డ మీద డోల్చీ పట్టిన ఆయుధం ప్రశ్న. పార్తినీకో ప్రాంతంలో బందిపోట్లని ముద్రపడిన 350 మంది సంగతి ఆరా తీశాడు. వాళ్లంతా కలిపి బడిలో గడిపింది 650 ఏళ్లు. జైల్లో గడిపింది 3,000 ఏళ్ల పైమాట! బడికి లేని డబ్బు జైళ్లకూ పోలీసులకూ ఎక్కణ్ణించి వచ్చిందని ఆ లెక్కే అడిగింది. ఇది 1955లో పుస్తకంగా వచ్చింది. తర్వాత పాలెర్మోలో పనిలేనివాళ్ల గుడిసెలకు వెళ్లాడు. నిరుడు ఎన్ని రోజులు పని దొరికింది? పని లేనినాడు ఎట్లా గడిచింది? ఎంతవరకు చదివావు? ఆకుకూరలు, నత్తలు ఏరి అమ్ముకుని పొట్టపోసుకునేవాళ్లు చెప్పిన మాటల్ని చెప్పినట్టే 1956లో అచ్చువేశాడు. అందులో కొంత భాగం అశ్లీలమని కేసు పెట్టారు. పేదల దుర్భర జీవితం అశ్లీలం కాదట, దాన్ని అచ్చులో పెట్టడం అశ్లీలమట!

లెక్క రాసి ఊరుకోలేదు. పని పౌరుల హక్కు అని ఇటలీ రాజ్యాంగం 4వ అధికరణం చెబుతుంది. మరి పని ఏది? 1956 ఫిబ్రవరి 2న పార్తినీకో దగ్గర పాడుబడ్డ బండ్లబాటను బాగుచేయడానికి పనిలేని కూలీలు పలుగూ పారా పట్టుకుని వెళ్లారు. పని మానేస్తే సమ్మె. పైసా కూలి లేకుండా పనిచేసి చూపించడం తలకిందుల సమ్మె. పోలీసులు విరుచుకుపడి డోల్చీనీ కొందరు కార్మిక నాయకులనూ జైల్లో పెట్టారు. రాజ్యాంగ సభలో సభ్యుడిగా పనిచేసిన పియెరో కలమాంద్రెయ్ వాళ్ల తరఫున వాదించాడు. అయినా కోర్టు శిక్ష వేసింది. పని అడిగినందుకు కాదు, పని చేసినందుకు జైలు!

డోల్చీ కమ్యూనిస్టు కాడు, శాంతియుత పోరాటాన్ని నమ్మినవాడు. ఆయనకు లెనిన్ శాంతి బహుమతి వచ్చింది. ఆ డబ్బుతో 1958లో పార్తినీకోలో అందరికీ పని కోసం ఒక పరిశోధన కేంద్రం పెట్టాడు.

ఆయన పోరాటాల్లో పెద్ద ఫలితం నీళ్లు. వానాకాలంలో యాతో నది నీళ్లన్నీ సముద్రం పాలయ్యేవి. వేసవిలో బావుల నీళ్లు మాఫియా చెప్పిన ధరకు కొనాల్సిందే. ఊరి సమావేశంలో ఒక ముసలి రైతు, ఆనకట్ట అనే మాట కూడా తెలియనివాడు, వాననీళ్లు పట్టే పెద్ద తొట్టి కట్టుకుందామన్నాడు. ఆ ఆలోచన ఊరూరా పాకింది. 1955లో, మళ్లీ 1962లో నిరాహారదీక్షలు చేశాక, 1963లో ఆనకట్ట పనులు మొదలయ్యాయి. కట్టడమే కాదు, నీటి పంపకం రైతుల సంఘం చేతిలో ఉండాలని పట్టుబట్టారు. మాఫియా పట్టు అక్కడే సడలింది.

పాలకుల జోలికి వెళ్తే మాత్రం దెబ్బ తప్పలేదు. మంత్రి బెర్నార్డో మత్తరెల్లాకు మాఫియాతో సంబంధాలున్నాయని 1965లో ఆరోపించాడు. మంత్రి కాదన్నాడు, పరువునష్టం దావా వేశాడు. 1967లో కోర్టు డోల్చీకే శిక్ష వేసింది. క్షమాభిక్ష వల్ల జైలు తప్పింది. 1968 భూకంపంలో ఇళ్లు కూలిన బెలీచె లోయ జనం రెండేళ్లయినా రేకుల షెడ్లలోనే ఉంటే, 1970 మార్చి 25న సర్కారు గుత్తాధిపత్యాన్ని ధిక్కరించి వాళ్ల కోసం రేడియో నడిపాడు. ఒక రోజు గడిచేసరికి పోలీసులు మూయించారు.

1997 డిసెంబర్ 30న డోల్చీ కన్నుమూశాడు. ఉపవాసాలతోనే భూస్వామ్యం కూలదు, నిజమే. దానికి సంఘం కావాలి, పోరాటం కావాలి. కాని ఏ సంఘమైనా తన ఊరి లెక్క తనకు తెలిస్తేనే నిలబడుతుంది. ఎన్ని రోజులు పని దొరికింది, ఎంత కూలి చేతికొచ్చింది, ఎంత అప్పు మిగిలింది? ఈ లెక్క పై ఆఫీసరు వచ్చి రాస్తే కాగితమే అవుతుంది. కూలీలే కూచుని రాసుకుంటే కోరికల పత్రమవుతుంది.