ఆకలికి పటం గీసిన వైద్యుడు

1877వ సంవత్సరంలో మన కర్నూలు, కడప, బళ్లారి సీమలు ధాత కరువుతో అల్లాడుతున్నాయి. అదే కాలంలో సముద్రాలకు అవతల, బ్రెజిలు దేశపు ఈశాన్య మెట్టసీమలో కూడా వానలు కురవలేదు. పసిఫిక్ మహాసముద్రపు నీరు వేడెక్కి గాలుల తీరు మారడమే ఈ రెండు అనావృష్టులకూ మూలమని శాస్త్రజ్ఞులు తరువాత తెలుసుకున్నారు. ఆ కరువుకు ఊరు విడిచి తీరప్రాంతానికి వలస వచ్చిన ఒక కుటుంబంలో, రెసీఫే పట్టణాన, 1908 సెప్టెంబరు 5న జోసువే డి కాస్ట్రో జన్మించారు. ఆకలి దైవశాసనం కాదనీ, అది చాలావరకు మనుషులు చేసుకున్న ఏర్పాట్ల ఫలమనీ ప్రపంచానికి చాటిన వైద్యుడు ఈయనే.

రెసీఫే అంచున నదులు సముద్రంలో కలిసే చోట మడ అడవులు ఉండేవి. చెరకు తోటల నుంచీ కరువు పల్లెల నుంచీ వచ్చిన పేదలు ఆ బురదలోనే గుడిసెలు వేసుకునేవారు. పీతలు పట్టి తినేవారు. మనుషులు విడిచిన మలినాన్ని పీతలు తినేవి, ఆ పీతలను మళ్ళీ మనుషులు తినేవారు. ఆకలి అంటే ఏమిటో తాను విద్యాలయాలలో కాక ఈ బురదలోనే నేర్చుకున్నానని జోసువేగారు తరువాత రాసుకున్నారు.

1929లో రియో డి జనీరోలో వైద్యవిద్య ముగించి ఆయన సొంత ఊరు చేరారు. ఒక కర్మాగారం యాజమాన్యం ఆయనను పిలిచి, తమ కూలీలు సోమరులై పని చేయడం లేదనీ, వారికి ఏమి జబ్బో కనిపెట్టమనీ కోరింది. ఆయన అందరినీ పరీక్షించారు. జబ్బు దొరికింది. అయితే దానికి మందు తన దగ్గర లేదని, అది యజమాని చేతిలోనే ఉన్నదని చెప్పారు. ఆ జబ్బు పేరు ఆకలి. కూలి పెంచితే నయమవుతుంది. యజమాని కూలి పెంచలేదు, వైద్యునే పనిలోనుంచి తీసివేశాడు.

ఆయన అంతటితో ఊరుకోలేదు. 1932లో రెసీఫేలోని 500 కార్మిక కుటుంబాల ఇళ్ళలో ఏమి వండుకుంటున్నారో, ఎంత సంపాదిస్తున్నారో విచారించారు. చిక్కుడు గింజలు, కర్రపెండలం పిండి, కాస్త ఎండు మాంసం, కాఫీ, పంచదార. ఇదీ వారి భోజనం. పాలు, పండ్లు, ఆకుకూరలు దాదాపు లేవు. సంపాదనలో చాలా భాగం ఈ కొద్దిపాటి తిండికే పోయేది. బ్రెజిలులో ఇలాంటి విచారణ జరగడం అదే మొదలు. 1940లో ఆ దేశం కనీస వేతనాన్ని నిర్ణయించడానికి ముందు జరిగిన చర్చలకు ఇది బలమిచ్చింది.

1946లో ఆయన తన దేశపు ఆకలిని ప్రాంతాలవారీగా పటం గీసి చూపుతూ ఒక గ్రంథం ప్రచురించారు. అందులోని ముఖ్యమైన సంగతి మనల్ని ఆలోచింపజేస్తుంది. వానలు లేని మెట్టసీమలో కరువు వచ్చినప్పుడు జనం చనిపోయేవారు. కాని మామూలు సంవత్సరాలలో వారు మొక్కజొన్న, పాలు, మేకమాంసం తిని గట్టిగానే ఉండేవారు. తీరాన ఉన్న చెరకు సీమలో మంచి వానలు, సారవంతమైన నేల. అయినా అక్కడి కూలీలు ఏడాది పొడుగునా నీరసించి, రక్తహీనతతో, పిల్లలను పోగొట్టుకుంటూ బ్రతికేవారు. కారణం ఏమిటి? నేలంతా కొద్దిమంది చేతిలో ఉంది. 1888లో బానిసత్వం రద్దయినా భూమి చేతులు మారలేదు. చెరకు తప్ప మరొకటి పండకూడదు. కూలి తన గుడిసె పక్కన కాయగూరల పాదు పెట్టుకోవడానికి కూడా అనేక చోట్ల యజమాని ఒప్పుకొనేవాడు కాదు. కడుపు నిండినట్టు కనిపించినా శరీరానికి కావలసినవి అందని ఈ స్థితిని ఆయన దాగి ఉన్న ఆకలి అన్నారు.

తత్త్వశాస్త్రం మనకు కారణాలను వేరుచేసి చూడటం నేర్పుతుంది. వాన పడకపోవడం ఒక కారణం. పడిన వానకు పండినది ఎవరికి చేరుతుందన్నది మరొక కారణం. మొదటిది మన చేతిలో లేదు. రెండవది మన చేతిలోనే ఉంది. రెండవదానికి కూడా దేవుని పేరు పెట్టి సరిపెట్టుకోవడం భక్తి కాదు.

ఆయన చెప్పినదంతా నిలబడలేదు. మాంసకృత్తుల లోపం వల్లనే పేదలకు ఎక్కువమంది పిల్లలు పుడతారని ఆయన 1951 నాటి గ్రంథంలో వాదించగా, శాస్త్రజ్ఞులు ఆ వాదాన్ని అంగీకరించలేదు. అయితే పేదల సంఖ్యే ఆకలికి కారణమని నింద వేసేవారికి ఆయన ఇచ్చిన తక్కిన జవాబు మాత్రం చెక్కుచెదరలేదు.

1952లో ఆయన రోములోని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ పాలకమండలికి అధ్యక్షులయ్యారు. కొన్ని దేశాలలో గోదాములు నిండి ధరలు పడిపోతున్నాయి, మరికొన్ని దేశాలలో జనం పస్తులుంటున్నారు. కరువు దేశాల కోసం ఉమ్మడి ధాన్యపు నిల్వ ఉండాలని ఆయన పట్టుబట్టారు. ధనిక దేశాలు కలిసిరాలేదు. నిరాశతోనే ఆయన ఆ పదవి నుంచి దిగారు.

ఈలోగా ప్రజలు ఆయనను పార్లమెంటుకు ఎన్నుకున్నారు. 1955లో ఆయన రాష్ట్రమైన పెర్నాంబుకోలో, గలిలయ అనే పేరుగల పాత చెరకు తోటలో కౌలు రైతులు ఒక సంఘం పెట్టుకున్నారు. వారి కోరికలలో ఒకటి శవపేటికలు కొనుక్కోవడం. అంతవరకు పేదవాడు చనిపోతే పురపాలకసంఘం పెట్టెలో మోసుకుపోయి, శవాన్ని గుంటలో దించి, పెట్టెను మరొకరి కోసం తిరిగి ఇచ్చేయవలసి వచ్చేది. బ్రతికి ఉండగా నేల లేనివారు, చచ్చాకనైనా సొంత పెట్టె కోరుకున్నారు. ఆ తోట 1959లో రైతుల పరమయింది. జోసువేగారు ఈ కథను 1965లో ఒక గ్రంథంగా రాశారు. భూసంస్కరణ కోరినందుకు ఆయనకు కమ్యూనిస్టు అన్న ముద్ర పడింది.

1964 ఏప్రిల్లో బ్రెజిలులో సైన్యం అధికారం చేజిక్కించుకుంది. అప్పటికి ఆయన జెనీవాలో తమ దేశ రాయబారి. మొదటి జాబితాలోనే ఆయన రాజకీయ హక్కులు పదేళ్ళకు రద్దయ్యాయి. అదే నెలలో, అదే రెసీఫేకు హెల్డర్ కామరా అగ్రపీఠాధిపతిగా వచ్చి పేదల పక్షం నిలిచారు. ఆయనకూ అదే ముద్ర పడింది. 1967లో ఆరవ పౌలు జగద్గురువులు ప్రజల అభ్యున్నతిని గురించి వెలువరించిన విశ్వలేఖలో, ఆస్తి హక్కు కన్న అందరి మేలు గొప్పదని, ఆకలిగొన్న జనాల మొర వినవలసినదని బోధించారు. జోసువేగారు పారిస్‌లో విద్యార్థులకు పాఠాలు చెబుతూ, స్వదేశానికి వెళ్ళే అనుమతి కోసం ఎదురుచూస్తూ, 1973 సెప్టెంబరు 24న కన్నుమూశారు. ఆయన భౌతికకాయం మాత్రమే రియో చేరింది.

ఆయన మాట నిజమో కాదో ఆ దేశమే తరువాత చూపింది. 2003లో ఆకలి నిర్మూలనకు జాతీయ పథకం మొదలయింది. బడిపిల్లల భోజనానికి ఇచ్చే కేంద్ర నిధులలో కనీసం 30 శాతంతో చిన్న రైతుల పంటనే కొనాలని 2009లో చట్టం వచ్చింది. 2014లో ఐక్యరాజ్యసమితి ఆకలి పటం నుంచి బ్రెజిలు బయటపడింది. పథకాలు సడలి, ఆపై కోవిడ్ వచ్చి, 2022 నాటికి మళ్ళీ అందులో చేరింది. 2025లో తిరిగి బయటపడింది. ఈ పదేళ్ళలో అక్కడి నేల మారలేదు, నదులు మారలేదు.

ప్రియ పాఠకులారా, పరలోక జపంలో మనం అడిగే అనుదిన ఆహారం నాకు అని కాదు, మాకు అని. మన దేశంలో 2013 నుంచి ఆహార భద్రత చట్టబద్ధమైన హక్కు. అయినా మన విచారణలలోనే కౌలు కాగితం లేని రైతులున్నారు, రక్తహీనతతో నీరసించే ఆడపిల్లలున్నారు, రేషను కార్డు అందని వలస కూలీల కుటుంబాలున్నాయి. ఒక కార్డుకో, ఒక కాగితానికో అర్జీ రాసి పెట్టడం, కార్యాలయం దాకా తోడు వెళ్ళడం చదువుకున్న ఏ కుటుంబమైనా చేయగల పని. పొలంలో కూలి మనిషి చేయి నెమ్మదించినా, జ్ఞానోపదేశ తరగతిలో పిల్లవాడు కునుకు తీసినా సోమరి అని అనేముందు, పొద్దున ఏమి తిన్నావని అడుగుదాం. ఆ వైద్యుడు మొదట అడిగిన ప్రశ్న అదే.