ఉష్ణాన్ని కొలిచిన ఆచార్యుడు జోసెఫ్ బ్లాక్

ఉష్ణశాస్త్రానికి పునాది వేసిన మహనీయులలో జోసెఫ్ బ్లాక్ అగ్రగణ్యులు. ఆయన 1728 ఏప్రిల్ 16న ఫ్రాన్సు దేశంలోని బోర్డో నగరంలో జన్మించారు. తండ్రి బెల్ఫాస్ట్ నుండి వచ్చి స్థిరపడిన ద్రాక్షసారా వర్తకులు. గ్లాస్గో, ఎడింబరో విశ్వవిద్యాలయాలలో వైద్యవిద్య నభ్యసించిన బ్లాక్, 1756లో గ్లాస్గోలో ఆచార్య పదవి నలంకరించారు.

ఉష్ణం వేరు, ఉష్ణోగ్రత వేరు అన్న వివేచన ఆనాటికి స్థిరపడలేదు. పదార్థం ఎంత బరువైతే దానిని వేడిచేయడానికి అంత ఉష్ణం అవసరమని పలువురు తలచేవారు. ఫారన్‌హీట్ పూర్వం నీటితోనూ పాదరసంతోనూ చేసిన ప్రయోగాలను బ్లాక్ పునఃపరిశీలించి, నీటికంటె ఎంతో బరువైన పాదరసమే తక్కువ ఉష్ణంతో వేడెక్కుతుందని గ్రహించారు. నేటి లెక్క ప్రకారం కిలోగ్రాము నీటి ఉష్ణోగ్రతను ఒక సెల్సియస్ డిగ్రీ పెంచడానికి సుమారు 4,186 జౌల్‌ల శక్తి కావాలి. అంతే పాదరసానికి సుమారు 140 చాలును. ప్రతి పదార్థానికీ ఉన్న ఈ స్వభావమే విశిష్టోష్ణం. మంచు కరిగేటప్పుడు ఉష్ణోగ్రత పెరగకుండానే ఉష్ణం గ్రహిస్తుందని, అదే గుప్తోష్ణమని కూడ ఆయన నిరూపించారు. గ్లాస్గోలో పరికరాల నిర్మాత అయిన జేమ్స్ వాట్‌కు ఈ విషయాలు బోధించి, ధనసహాయమూ చేశారు.

అయినను ఉష్ణంపై తన సిద్ధాంతాలను బ్లాక్ గ్రంథస్థం చేయలేదు. స్వీడన్‌లో విల్కే స్వతంత్రంగా కనుగొని ముందుగా ప్రకటించారు. 1766 నుండి ఎడింబరోలో బోధించిన బ్లాక్ 1799లో పరమపదించారు. శిష్యమిత్రుడు రాబిసన్ 1803లో ఆ ఉపన్యాసాలను ప్రచురించారు. తరగతి గదిలో పలికిన విద్య శిష్యుల వలననే లోకానికి దక్కింది.