లోకము కట్టిన వేషము: తరిగొండ వెంగమాంబ

చౌడేపల్లె, పుంగనూరు, మదనపల్లె ప్రాంతములందలి పల్లెలలో భారతోత్సవములు జరుగునపుడు పగలు హరికథయు, రాత్రి వీధినాటకమును నడచుట ఆచారము. నిన్నటివరకు మడక దున్నిన రైతు ముఖమునకు రంగు పూసికొని, కిరీటము ధరించి, అర్జునుడగును. తపస్సు మాను ఎక్కునాడు క్రింద నిలిచిన జనము అతనికి చేతులు జోడించును. అన్ని కన్నులు తనపై నిలిచియుండుటచేత అతని నడకలోను, మాటలోను ఎన్నడు లేని గాంభీర్యము వచ్చును. ఉత్సవము ముగియగానే అతడు రంగు కడిగికొని తన పొలమునకు పోవును.

రంగస్థలము ఎక్కనివారికిని ఇట్టి వేషములు కలవు. తండ్రి, కోడలు, ఉపాధ్యాయుడు, శిష్యుడు అనునవి చూచువారి కన్నులు మనకు కట్టిన వేషములే. ఎర్వింగ్ గాఫ్‌మన్ అను సామాజిక శాస్త్రజ్ఞుడు 1950 తరువాతి దశకములో నిత్యజీవితమును నాటకశాలతో పోల్చి ఒక ప్రసిద్ధగ్రంథమే వ్రాసెను. అయితే కొన్ని వేషములు కడిగికొన్నను పోవు. అట్టి వేషమొకదానిని లోకము ఒక బాలికకు కట్టబోగా, ఆమె అంగీకరింపకపోయిన కథ రెండువందల యేండ్లకు పూర్వము ఈ సీమలోనే జరిగినది. ఆమెయే తరిగొండ వెంగమాంబ.

క్రీ. శ. 1730 ప్రాంతమున వాయల్పాటికి సమీపమునగల తరిగొండలో ఆమె జన్మించెను. తండ్రి కానాల కృష్ణయ్య, తల్లి మంగమాంబ. ఆ యూరి దైవము లక్ష్మీనృసింహస్వామి. పసితనమునుండియు వెంగమాంబ తోడిపిల్లల ఆటలు విడిచి ఒంటిగా కూర్చుండి ధ్యానించుచుండెడిదట. ఆ వయసు ఆడపిల్ల ఎట్లు మెలగవలెనో ఊరికి తెలియును. ఈమె అట్లు మెలగలేదు గనుక ఊరు ఆమెకు పిచ్చిది అని పేరు పెట్టినదని చెప్పుదురు. మదనపల్లెయందలి సుబ్రహ్మణ్య దేశికుడు మాత్రము ఆమెను వేరుగా చూచెను. ఊరు పిచ్చి యనుకొన్నది ఆయనకు భక్తిగా కనబడినది. ఆమెను శిష్యురాలిగా స్వీకరించి యోగమార్గమును ఉపదేశించెను. బాలిక ఒక్కతెయే, చూచిన కన్నులు రెండు విధములు.

ఆనాటి ఆచారము ననుసరించి బాల్యముననే వివాహమైనది. భర్త పేరు ఇంజేటి వేంకటాచలపతి. ఆయన అకాలమరణము పొందెను. అప్పటినుండి ఆమె ఎట్లుండవలెనో లోకము ముందే వ్రాసిపెట్టియుండెను. తలవెండ్రుకలు తీయింపవలెను, బొట్టు, గాజులు, పూలు విడువవలెను, శుభకార్యములకు దూరముగా నుండవలెను. ఆ వేషములోని క్రౌర్యము పైకి కనబడు గుర్తులతో ఆగదు. ఎదురువచ్చినదని ప్రయాణము మానుకొనువారిని పదిమారులు చూచిన స్త్రీ పదునొకండవ మారు తానే ప్రక్కకు తొలగిపోవును. ఎవరును చెప్పనక్కరలేదు. పరుల చూపు ఆమె లోపల నివాసమేర్పరచుకొనును. ఎవరును లేనిచోటను ఆమె తలవంచుకొనియే నడచును.

వెంగమాంబ తల వంచలేదు. తన పతి శ్రీవేంకటేశ్వరుడనియు, ఆయన ఉన్నంతకాలము తాను సుమంగళినే యనియు చెప్పి, కేశములను, బొట్టును నిలుపుకొన్నది. ఇచ్చట ఒక విషయము గమనింపదగినది. వేషము లేకుండ మనుష్యుల నడుమ బ్రదుకుట దుర్లభమని ఆమె ఎరిగినట్లే తోచును. కావుననే విధవ వేషమును త్రోసివేసి ఊరకుండక, దేవుని ఇల్లాలి వేషమును స్వయముగా ధరించినది. ఊరి కన్నులకు మారుగా దేవుని కన్నులను తనకు ప్రేక్షకునిగా ఎంచుకొన్నది.

ఊరివారు ఒక పీఠాధిపతికి ఫిర్యాదు చేయగా, ఆయన ఆమెను పిలిపించెనని ఒక కథ ప్రచారములో నున్నది. నమస్కరింపుమనగా, ముందు పీఠమునుండి లెమ్మని ఆమె కోరెనట. ఆయన లేవగా, ఆమె నమస్కరించిన క్షణముననే ఆ ఖాళీపీఠము భగ్గున మండినదట. కథలోని అద్భుతమును నమ్మినను నమ్మకున్నను దాని మర్మము సూక్ష్మమైనది. లోకము మ్రొక్కునది మనుష్యునికా, ఆయన కూర్చున్న ఆసనమునకా అను ప్రశ్న అందు దాగియున్నది.

తరిగొండ ఆలయములో ఆంజనేయస్వామి విగ్రహము వెనుక ఎవరికిని కనబడకుండ కూర్చుండి ఆమె ధ్యానించుచుండెడిదనియు, అర్చకుడు చూచి అవమానించి వెడలగొట్టగా తిరుమలకు వెడలిపోయెననియు చెప్పుదురు. తిరుమలలోను ఇరుగుపొరుగుల వేధింపు తప్పలేదట. అపుడామె తుంబురుకోనకు పోయి ఏకాంతముగా తపస్సు చేసెను. మనుష్యుల చూపు ఎంత బరువైనదో ఈ పలాయనములే చెప్పుచున్నవి.

అయినను ఆమె రచనలు ఏకాంతమునకు చెందినవి కావు. తరిగొండలో నృసింహ శతకము, శివనాటకము, రాజయోగసారము మున్నగునవి వ్రాసెను. తిరుమలలో వేంకటాచల మాహాత్మ్యము, ద్విపద భాగవతము, రుక్మిణీ నాటకము, గోపీ నాటకము, చెంచు నాటకము మొదలగునవి రచించెను. ద్విపద పదిమంది కూడి పాడుకొనునది. యక్షగానము పదిమంది యెదుట ఆడునది. లోకము కట్టిన పాత్రను నిరాకరించిన స్త్రీ తానే లోకమునకు పాత్రలను సృష్టించి యిచ్చెను.

చిన్ననాట గురువు చెంత ఓనమాలైన నేర్వలేదనియు, నృసింహస్వామియే తనచేత పలికించెననియు ఆమె చెప్పుకొన్నది. పోతనయు తన చేత పలికించువాడు రాముడేయనెను. అది భక్తకవుల సంప్రదాయము. కాని ఒక విధవ నోట ఆ మాటకు మరియొక ప్రయోజనము కలదు. ఆమె కవిత్వమును వినుట కిష్టపడని సభ, దేవుడు పలికించిన మాటను కాదనలేదు. ఆ వినయము ఆమెకు కవచమైనది. తన ప్రతిభను తనదని చెప్పుకొనలేకపోవుట ఆ కవచమునకు ఆమె చెల్లించిన మూల్యమని నాకు తోచును.

1817లో ఆమె తిరుమలలో పరమపదించెను. నేటికిని శ్రీవారి ఏకాంతసేవలో ఆమె పేర ముత్యాలహారతి జరుగుచున్నది. 2011లో ప్రారంభమైన అన్నప్రసాద భవనమునకు ఆమె పేరు పెట్టిరి. శుభకార్యములకు రాదగదని లోకము నిర్ణయించిన స్త్రీ పేర, దేవుడు పవళించు వేళ మంగళహారతి!

ఉపాధ్యాయులకు ఈ జీవితము ఒక హెచ్చరిక. తరగతిలో ఒకనిని మందమతియనియు, మరియొకనిని అల్లరివాడనియు మనము అలవోకగా అందుము. నలువదిమంది ఎదుట ఆ పేరు పడిన బాలుడు కొన్నాళ్ళకు ఆ పేరునకు తగినట్లు నడచుకొనును. అది అతని స్వభావమేయని మనము రూఢి చేసికొందుము. వెంగమాంబ వలె ఆ వేషమును త్రోసివేయు ధైర్యము అందరు పిల్లలకు ఉండదు. ఊరంతయు పిచ్చిదన్న బాలికను మదనపల్లెలో ఒక గురువు శిష్యురాలిగా చూచెను. ప్రతి పాఠశాలలోను అట్లు చూచువారు ఒక్కరైనను ఉండవలయును.