పొట్లం విప్పే లెక్క – డేవిడ్ హఫ్‌మన్

కంప్యూటర్‌లోకి దిగే ఫైళ్లు చాలావరకు కుదించి కట్టిన పొట్లాల్లా వస్తాయి. మనం ఒక్కసారి నొక్కితే చాలు, ఏ అక్షరం ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పకుండానే కంప్యూటర్ తనంతట తానే విప్పుకుంటుంది. ఈ విద్య నేర్పినవారిలో ఒకాయన గురించి నేను చదివింది మీకు చెప్తాను.

డేవిడ్ హఫ్‌మన్ 1925 ఆగస్టు 9న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో జన్మించారు. 18 ఏళ్లకే ఇంజనీరింగ్ డిగ్రీ పూర్తి చేశారు. కొంతకాలం నౌకాదళంలో రాడార్ల పని చూసి, తర్వాత ఎం.ఐ.టి. అనే పేరున్న విద్యాసంస్థలో చేరారు.

1951లో అక్కడ రాబర్ట్ ఫానో అనే సారు తన విద్యార్థులకు ఒక వీలు ఇచ్చారు. పరీక్షైనా రాయొచ్చు, లేదా ఒక లెక్క తేల్చి వ్యాసమైనా రాయొచ్చు. లెక్క ఏమిటంటే, అక్షరాలను 0, 1 లతో అన్నిటికంటే పొట్టిగా రాసే పద్ధతి కనిపెట్టాలి. అది తనకే తెగలేదని మాత్రం సారు చెప్పలేదు! హఫ్‌మన్ నెలల తరబడి కుస్తీ పట్టారు. ఇక లాభం లేదు, పరీక్షకే చదువుకుందామని కాగితాలు చెత్తబుట్టలో వేస్తుంటే దారి తట్టింది.

ఫానో సారు అక్షరాలను పైనుంచి విడగొడుతూ వచ్చేవారు. హఫ్‌మన్ కిందినుంచి మొదలుపెట్టి, అన్నిటికన్నా తక్కువసార్లు వచ్చే రెండిటిని జతకడుతూ పైకి వెళ్లారు. అలా చేస్తే ఎక్కువసార్లు వచ్చే అక్షరానికి పొట్టి గుర్తు, అరుదైనదానికి పొడుగు గుర్తు వస్తాయి.

ఉదాహరణకు 'క' కు 0, 'ల' కు 10, 'మ' కు 11 అనుకోండి. 'కమల' అంటే 01110. ఇప్పుడు మీరే విప్పండి. 0 రాగానే 'క'. ఒంటి 1 ఎవరి గుర్తూ కాదు, కాబట్టి ఇంకొకటి చూడాలి: 11 అంటే 'మ'. తర్వాత 10 అంటే 'ల'. మధ్యలో ఖాళీ అక్కర్లేదు, తికమకా లేదు. యంత్రం చేసేది కూడా ఇదే.

ఈ పద్ధతి 1952లో అచ్చయింది. ఆయన దానికి పేటెంటు తీసుకోలేదు. ఈనాటి జిప్ ఫైళ్లలో, జేపెగ్ ఫోటోల్లో, ఎంపీ3 పాటల్లో అది ఉంది. మన తూంకుంటలో ఫోన్‌కి వచ్చే జేపెగ్ ఫోటో కూడా ఈ లెక్కతోనే తెరుచుకుంటుంది. హఫ్‌మన్ గారు జీవితమంతా పాఠాలు చెప్పి, 1999 అక్టోబరు 7న కన్నుమూశారు.

నాకు నచ్చింది ఒక్కటే. ఆ లెక్క పెద్దవాళ్లకే రాలేదని ఆయనకు తెలీదు, అందుకే జంకలేదు. మనం కూడా లెక్కని చూసి భయపడే ముందు ఒకసారి చేసి చూద్దాం. పైనుంచి రాకపోతే కిందినుంచి!