టిక్కెట్టు రాని పెగ్

ఐర్లాండులో మన ఇంటర్ లాంటి లీవింగ్ సర్టిఫికెట్‌కి ఐరిష్ భాష చదివిన పాతవాళ్ల దగ్గర పెగ్ సేయర్స్ పేరెత్తితే చాలామంది మొహం చిట్లిస్తారు. 1873లో కెర్రీ తీరాన డన్‌క్విన్‌లో పేదింట పుట్టిందామె. చిన్నప్పుడే డింగిల్‌లో ఇంటిపనికి కుదిరింది. అమెరికా వెళ్లిన స్నేహితురాలు టిక్కెట్టు డబ్బులు పంపుతానంది. చేతికి దెబ్బ తగిలి పంపలేకపోయింది. వీసా కోసం ఎదురుచూసిన మనకి ఆ బాధ తెలియంది కాదు.

పెళ్లయి గ్రేట్ బ్లాస్కెట్ దీవికి కాపురానికెళ్లింది. పసిపిల్లలు కొందరు పోయారు, ఒక కొడుకు కొండ మీంచి పడి చనిపోయాడు, మిగిలినవాళ్లు అమెరికా దారి పట్టారు. అక్కణ్నుంచి తిరిగొచ్చిన కొడుకు మిహాల్‌కి తన కథంతా చెప్పి రాయించింది. ఐరిష్ రాయడం ఆమెకు రాదు మరి! 1936లో అచ్చయిన ఆ పుస్తకం 1990ల దాకా పిల్లలకు పాఠమైంది. పదిహేడేళ్లవాళ్ల చేత ముసలమ్మ కష్టాలు బట్టీ పట్టిస్తే విసుగు రాదా? నిజానికి ఆమె నోట వందల కథలున్నాయి, నవ్వించేవీ ఉన్నాయి. 1953లో దీవి ఖాళీ అయింది. 1958లో డింగిల్ ఆసుపత్రిలో పెగ్ కన్నుమూసింది.